ఎడమ బొటనవేలు

మా తమ్ముడు ఒతియా రాసిన నవలలో
అమ్మ నదితో మూడు పేజీలు మాట్లాడుతుంది.
నూట పన్నెండు అడుగున మొదలై
నూట పదిహేను సగందాకా.
"రియోనీ, మంచుకొండల ఆడపడుచా,
ఏ ఇంటి కబురు ఏ ఇంటికి మోస్తున్నావే" అని ఎత్తుకుంటుంది.
కుతాయిసీ బడిపిల్లలు అప్పజెబుతారు.
నాకూ కంఠతా వచ్చు.

అమ్మ అలాంటి మాట ఎన్నడూ అనలేదు.
అసలు మాట్లాడే మనిషే కాదు పెలాగియా.
సైనికాసుపత్రి దుప్పట్లు ఉతికేది, రోజుకో బండెడు.
నెత్తురు మరక వేణ్ణీళ్లకు ముదురుతుంది,
చన్నీళ్లకే వదులుతుంది అని ఒకసారి చెప్పింది.
ఆవిడ నాతో అన్న మాటల్లో అదే పొడుగు.

నాన్న కాగితం వచ్చిన రోజు
ఒతియాకి నాలుగేళ్లు,
మాసిన దుప్పట్ల మూట మీద నిద్రపోతున్నాడు.
నాకు పదకొండు.
నేను చూశాను.

ముప్పై ఏళ్లకు తిబిలీసీ నుంచి సినిమావాళ్లు దిగారు.
దర్శకుడు గడ్డమింకా సరిగ్గా రాని కుర్రాడు.
మా ఇంట్లో మొక్కజొన్న రొట్టె తింటూనే
ఆ మూడు పేజీలూ తీసేస్తున్నానన్నాడు.
"అది నా పుస్తకానికి వెన్నెముకయ్యా" అన్నాడు ఒతియా.
"నది చప్పుడు ఎలాగూ వినిపిస్తుంది కదండీ" అన్నాడు వాడు,
ఇంకో ముక్క తుంచుకుంటూ.

మొదటి ఆట.
పొద్దుతిరుగుడు గింజల పొట్టు కాళ్లకింద పటపటా.
పెళ్లినాటి కోటుకు అన్ని బొత్తాలూ పెట్టుకుని మా తమ్ముడు.
సగం తప్పులే.
నాన్న మరీ అంత అందగాడు కాడు.
పుస్తకంలో రెండు అధ్యాయాల చలికాలం,
చదువుతుంటే రగ్గులో పాదాలు కొంకర్లు పోయేవి;
తెర మీద రెండుసార్లు మంచు పడింది, అయిపోయింది.
మూతి తిప్పుకున్నాను.
పుస్తకం పుస్తకమే అనుకున్నాను.

అప్పుడొచ్చింది నది.
అమ్మ వేషంలో నానూలి అనే పిల్ల.
కాగితం చదివింది. నాలుగు మడతలు పెట్టింది.
తలగుడ్డలో దోపుకుంది.
మళ్లీ దుప్పటి అందుకుని పిండింది, నీళ్లు కారడం మానేదాకా.
కాసేపు ఊరికే నిలబడింది.
తర్వాత ఎడమచేతి బొటనవేలు
నోట్లో పెట్టుకుంది, చంటిపిల్లలా.

కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.
ఆ రోజు అమ్మ చేసింది అదే.
ఆ వేలే.
నేనెవరికీ చెప్పలేదు, ఒతియాకి కూడా.
ఎందుకో ఆవిడ తరఫున సిగ్గేసేది.

విందులో నానూలిని పక్కకు పిలిచి అడిగాను,
నీకెవరు చెప్పారమ్మా అని.
"ఏది?"
వేలు చూపించాను.
"అదా... నీళ్లు మరీ చల్లగా ఉన్నాయండీ.
కట్ చెబుతారనుకున్నా. చెప్పలేదు."

ఇంటికొచ్చాక ఒతియా అన్నాడు:
"అది నా పుస్తకంలో లేదు."
"లేదు" అన్నాను.
"అతను నాకంటే..." అని ఆగిపోయాడు.
అప్పుడు చెప్పాను వాడికి, గట్టు మీద నేను చూసింది.
ఏమీ అనలేదు. జాడీలోంచి
పుల్లరేగుపళ్లు వేళ్లతోనే తీసుకు తింటూ కూర్చున్నాడు,
నిద్రొచ్చి నేను లేచిపోయేదాకా.

పొద్దున బల్ల మీద వాడి సొంత ప్రతి.
మూడు పేజీలకూ పెన్సిలుతో అడ్డంగా గీతలు.
అంచున చిన్న అక్షరాలతో:
నీళ్లు చల్లగా ఉన్నాయి.

పిచ్చివాడు.
పదేళ్లుగా పడుకోబోయే ముందు
నేనా మూడు పేజీలే చదువుకుంటున్నానని వాడికేం తెలుసు?
అమ్మ అనలేదు గనకనే.
ఒక్కసారి నోరు విప్పి ఉంటే
నదితో కాకపోయినా, పక్కనే నించున్న నాతో,
ఏమనేదో అని.

సినిమాలో దొరికింది మా అమ్మే, ఒట్టు.
కానీ ఆవిడ నాకు ముందే తెలుసు.

మా అమ్మాయి బడిసంచిలోంచి రబ్బరు తీసుకుని కూర్చున్నాను.
గీతలు పోయాయి.
కిందున్న అచ్చు కాస్త మసకబారింది,
"ఆడపడుచా" దగ్గర కాగితం చిరిగినంత పనయింది.
అంచున వాడు రాసింది మాత్రం
చెరపలేదు.